పన్నెండో బీరువా

సుగుణ ఆ ఉద్యోగంలో చేరింది 1981 జూన్‌లో. మట్టెవాడలో వర్తకుల కమిటీ నడిపే పఠన మందిరం అది. ముందు గదిలో పత్రికలు, వెనక హాల్లో పుస్తకాలు, హాలును ఆనుకుని కార్యదర్శి గది. సర్కారు గ్రాంటు కావాలంటే శిక్షణ పొందిన లైబ్రేరియన్ ఉండి తీరాలన్నారట. అందుకని, హైదరాబాదులో సర్టిఫికెట్ కోర్సు చేసి కాజీపేటలో ఇంట్లో కూర్చున్న సుగుణకు పిలుపొచ్చింది. ఆమె తండ్రి రైల్వే గార్డు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల రోజూ బస్సెక్కి బజారు మధ్యకు పోయి రావడం తల్లి కళావతికి నచ్చలేదు. తండ్రే ఒప్పించాడు.

మొదటి రోజు సుగుణ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని హాలంతా తిరిగి చూసింది. హాలు మూలల్లో గోడలకు పాన్ ఉమ్మిన ఎర్రటి చారలు. బీరువాల వెనక ఎలుకలు చచ్చిన వాసన. మొత్తం పదకొండు కర్ర బీరువాలు, ఒక్కోదాని నెత్తిన తెల్ల రంగుతో ఆ పుస్తకాలు దానమిచ్చిన వాళ్ళ పేరు. లోపల పుస్తకాలను ఎత్తును బట్టి నిలబెట్టారు. రామాయణం పక్కన రేడియో రిపేరు, దాని పక్కన పశువుల రోగాలు, ఆ పక్కన ఇంగ్లీషు వ్యాకరణం. ఎందుకంటే ఆ నాలుగూ ఒకే సావుకారి ఇంట్లోంచి, ఆయన తండ్రి పోయాక వచ్చినవి. ఎవరికైనా పుస్తకం కావాలంటే అది ఎవరు దానమిచ్చారో తెలిసి ఉండాలి. లేదంటే అటెండరు యాకయ్యను అడగాలి.

"కిషన్ రావు సార్ బీరువల ఉంటదమ్మా, పై అరల. నీలం అట్ట," అనేవాడు యాకయ్య. యాభై దాటిన మనిషి. చదువు రాదు. పన్నెండు వందల పుస్తకాల అట్టల రంగులు మాత్రం ఆయనకు కంఠతా వచ్చు.

"నువ్వు రాని రోజు?" అని అడిగింది సుగుణ.

"నేను రాని రోజు బుక్కులు ఎవ్వలకు దొరకయి," అన్నాడు యాకయ్య, కొంచెం గర్వంగానే.

కమిటీ కార్యదర్శి వెంకట్రాజం బట్టల వ్యాపారి. జర్దా పాన్ నమిలి నమిలి పళ్ళు గారపట్టి ఉండేవి. పుస్తకాలన్నింటినీ విషయాల వారీగా సర్దుతానని, ప్రతి పుస్తకానికీ నంబరు వేసి కార్డు రాస్తానని సుగుణ చెప్పినప్పుడు ఆయన కిటికీ బయటికి ఉమ్మి వచ్చి కూర్చున్నాడు.

"చెయ్యి పిల్లా. గ్రాంటోళ్ళకు నంబర్లు కావాల్నట. కాని బీరువల మీద మా పేర్లు చెరపకు. గవ్వి చూసే ఇచ్చిండ్రు దానాలు."

ఆమె పేర్లు చెరపలేదు. లోపలివి మాత్రం మొత్తం మార్చేసింది. పశువుల రోగాలు వ్యవసాయం పక్కకు చేరాయి, కౌలు చట్టాలు, పట్టా నియమాలు ఒక అరలోకి వచ్చాయి, బిడ్డల పెంపకం ఆరోగ్యంలోకి పోయింది. కోర్సులో నేర్చుకున్న దశాంశ పద్ధతిలో ఒక్కో విషయానికి ఒక్కో అంకె. ఆ అంకెల వల్ల చదివేవాళ్ళకు ఒరిగేదేమీ లేదని ఆమెకు రెండు వారాల్లోనే అర్థమైంది. ఏనుగల్లు నుంచి వచ్చిన ఒక రైతు 'పశు వైద్యం' అన్న కార్డు ముందు నిలబడి, "బర్రెకు పొదుగు వాసింది, గా బుక్కు లేదా?" అని అడిగాడు. అప్పటి నుంచి సుగుణ ఇంకో కట్ట కార్డులు మొదలుపెట్టింది. జనం అడిగే మాట పైన, ఆ పుస్తకం ఉన్న అర కింద. 'బర్రె పొదుగు వాపు' అని ఒక కార్డు. 'కౌలు కాయితం' అని ఒకటి. 'బాలింతకు పాలు పడకుంటే' అని ఒకటి. కోర్సు చెప్పిన మాస్టారు చూస్తే నవ్వేవాడేమో. కానీ దసరా నాటికి యాకయ్యను అడగకుండానే మనుషులు పుస్తకాలు వెతుక్కోవడం మొదలైంది. యాకయ్య రెండు రోజులు అలిగి, మూడో రోజు తనే కార్డుల డ్రాయరు తుడవసాగాడు.

నంబర్లు వేసే పని ముగింపుకొచ్చేసరికి, దాఖలా రిజిస్టరులో ఉండి ఆమె చేతికి రాని పుస్తకాలు అరవై మూడు తేలాయి. వాటి ఎదురుగా 'ప్రత్యేకం' అని ఒకే మాట రాసి ఉంది.

"అవి వెంకట్రాజం సావుకారి రూంల ఉంటయి," అన్నాడు యాకయ్య తల వంచుకుని. "ఆకుపచ్చ ఇనుప బీరువ. తాళం ఆయనదే, తాళంచెవి ఆయనదే. ఐతారం నాడు నలుగురైదుగురు కూసుంటరు. నేను చాయ్ పట్టుకపోతె బుక్కులు బట్ట కింద దాస్తరమ్మా. నవ్వుతాంటరు."

ఆదివారాలు సుగుణకు సెలవు, ఆ నవ్వులు ఆమె ఎన్నడూ వినలేదు.

నవంబరు చివర్లో పూలమ్మ వచ్చింది. బీటుబజారులో మిరపకాయ బస్తాలు మోసి, ఊడ్చి బతికే మనిషి. ఇరవై ఏడేళ్ళు. వయోజన విద్య కేంద్రంలో రెండేళ్ళు చదువుకుంది. మెట్ల దగ్గరే చెప్పులు విప్పి, మిరప ఘాటుకు ఎర్రబడ్డ కళ్ళతో లోపలికి వచ్చింది. పత్రికలు చదువుతున్న ఇద్దరు పెద్దమనుషులు కాళ్ళు దగ్గరకు ముడుచుకున్నారు.

"సారమ్మా, ఆడోళ్ళ రోగాల బుక్కు ఉన్నదా?" అని గుసగుసగా అడిగింది.

సుగుణ ఆమెను తన బల్ల పక్కకు తీసుకెళ్ళి స్టూలు వేసింది. పూలమ్మ కూర్చోవడానికి ఇబ్బంది పడింది. అదే రోగం. మూడో కాన్పయిన నెలకే బస్తాలు మోసింది. అప్పటి నుంచి గర్భసంచి కిందికి జారుతోంది. ఒక ప్రైవేటు డాక్టరు చెయ్యి కూడా పెట్టకుండా, సంచి తీసెయ్యాలని చీటీ రాసిచ్చాడు.

"తీసేస్తె ఏమైతదో నాకు ఎరుక లేదు. అడిగితె, నీకు చెప్పినా సమజ్ కాదు అన్నడు. నేను సదువుత, నాకు సమజ్ అయితది. మా సెంటర్ల పంతులమ్మ చెప్పింది, తెలుగుల బుక్కు ఉన్నది, ఈడ ఉంటదేమో అడుగు అని."

సుగుణ రిజిస్టరు తీసింది. ఉంది. దాఖలా నంబరు పదకొండు వందల నలభై మూడు. ఒక లేడీ డాక్టరు ఆడవాళ్ళ కోసం తేలిక తెలుగులో, బొమ్మలతో రాసిన పుస్తకం. ఎదురుగా 'ప్రత్యేకం'.

"ఎల్లుండి రా," అంది.

మరుసటి రోజు వెంకట్రాజాన్ని అడిగింది. ఆయన మొదట వినపడనట్టు లెక్కల పుస్తకం తిరగేశాడు. మళ్ళీ అడిగితే, ధోవతి ముడి సర్దుకుంటూ నవ్వాడు. తాళంచెవి ఆయన మొలతాడుకు వేలాడుతుంటుంది.

"అసోంటి బుక్కులు ఆడోళ్ళ చేతుల పెడ్తరా? ఇజ్జత్ ఉంటదా మందిరానికి?"

"అది ఆడవాళ్ళ కోసం రాసిందే సావుకారి. ఆరోగ్యం పుస్తకం."

"నాకు తెల్వదా ఏం పుస్తకమో?" పాన్ బుగ్గలోంచి ఇటు నుంచి అటు మారింది. "ఎవ్వలకు కావాలె? నీకా?"

"ఒక పాఠకురాలికి."

"ఎవ్వలు? నిన్న వచ్చిన బీటుబజారుదా? చూసిన. మంచిగనే ఉన్నది." పెదవి చివర నుంచి ఎర్రటి చొల్లు కారింది. వేలితో తుడుచుకుని, ఆ వేలు కుర్చీ చేతికి రాశాడు. "ఐతారం నాడు రమ్మను. నేనే చూపెడ్త. బొమ్మలు గూడ ఉన్నయి."

సుగుణ వెనక్కి తిరిగింది. బయటికి వచ్చి, బావి దగ్గర చేతులు కడుక్కుంది. ఆయనను ముట్టుకోలేదు. అయినా సబ్బు పెట్టి కడిగింది. ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకుపోయింది.

రమ్మన్న రోజు పూలమ్మ వస్తే ఏం చెప్పాలో తెలియలేదు. "ఇంకో రెండు వారాలు ఆగు, ఆ చీటీ పట్టుకుని మాత్రం ఎక్కడికీ పోకు," అని చెప్పి పంపింది. తర్వాత హనుమకొండలో గ్రాంటు చూసే ఆఫీసుకు ఒక ఉత్తరం రాసింది. అందులో ఎవరి మీదా నింద లేదు. రిజిస్టరులో ఉన్న అరవై మూడు పుస్తకాలు తన చేతికి రాలేదనీ, వాటిని కళ్ళతో చూడకుండా గ్రాంటుకు పంపే పుస్తకాల జాబితా మీద సంతకం చేయలేననీ, అంతే.

డిసెంబరు రెండో వారంలో ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పేరు రాజేశ్వర్ రావు. రిటైరవడానికి ఏడాదిన్నర ఉంది. అల్లం చాయ్, మిర్చి బజ్జీలు తెప్పించారు. కమిటీలోంచి మరో ఇద్దరు కొత్త కండువాలు వేసుకుని వచ్చారు. ఇన్‌స్పెక్టరు పదకొండు బీరువాల ముందూ తలాడిస్తూ నడిచి, కార్డుల డ్రాయరు చూసి "బాగుందమ్మా" అని, సంతకానికి కలం తీశాడు.

"సార్, ఇంకో బీరువా ఉంది," అంది సుగుణ.

"తాళంచెవి ఇంట్ల మర్సిపోయిన," అన్నాడు వెంకట్రాజం.

ఇన్‌స్పెక్టరుకు అది చాలనిపించింది. "పోనీలేమ్మా. చూసినట్టే రాసుకుందాం."

"చూడకుండా చూసినట్టు నేను రాయలేను సార్. నా సంతకం లేకపోతే జాబితా చెల్లదని నియమం మీ కాగితంలోనే ఉంది. జాబితా లేకపోతే గ్రాంటు ఉండదు."

కమిటీ వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్‌స్పెక్టరు విసుగ్గా బజ్జీ నూనె రుమాలుకు తుడుచుకున్నాడు. "తియ్యి వెంకట్రాజం. పావుగంట పని."

అప్పుడు వెంకట్రాజం పక్కకు తిరిగి, ధోవతి లోపల చెయ్యి పెట్టి, మొలతాడుకున్న తాళంచెవి విప్పాడు. ఇంట్లో మరిచిపోయిన తాళంచెవి. దాన్ని బల్ల మీద పెట్టాడు. సుగుణ దాన్ని చేత్తో ముట్టుకోలేకపోయింది. యాకయ్య వచ్చి తీసుకున్నాడు.

బీరువా తెరవగానే పాత జర్దా కంపు, తల నూనె కంపు, చెమట కంపు కలిసి బయటికి తన్నింది. సుగుణ ఒక్కో పుస్తకం తీసి నంబరు చదువుతుంటే యాకయ్య హాల్లో పొడుగు బల్ల మీద పేర్చాడు. పోస్టులో తెప్పించుకున్న చవకబారు బొమ్మల పుస్తకాలు ఒక పదిహేను. మిగతావి? మంత్రసానులకు పాఠాల పుస్తకం. సర్కారు వాళ్ళు ఉచితంగా పంచిన కుటుంబ నియంత్రణ పుస్తకాలు, ముప్పై దాకా. శరీర నిర్మాణ పటాలు. వాటి అడుగున, కూలీలకు కనీస వేతనాల చట్టం గురించిన పుస్తకాలు ఆరు. ఇవెందుకు ఇక్కడ ఉన్నాయని సుగుణ అడగలేదు. బీటుబజారులో కమిటీ వాళ్ళకందరికీ గోదాములున్నాయి.

పదకొండు వందల నలభై మూడు చివర్లో దొరికింది. అట్ట జిడ్డుకు నల్లబడింది. ఆమె తెరిచింది.

ప్రతి బొమ్మ మీదా వేలి ముద్రలు. కొన్నింటి మీద ఎండిన పాన్ చుక్కలు. తల్లి కడుపులో బిడ్డ ఎలా తిరిగి ఉంటుందో చూపే బొమ్మకు కలంతో మీసాలు గీశారు. పక్కన బూతు మాటలు. బొమ్మల కింద ఆడవాళ్ళ పేర్లు రాసి, ఎవరి భార్యో, ఏ సందులో ఉంటుందో కూడా రాశారు. పుస్తకాలకని మందిరానికి వచ్చే ఆడవాళ్ళే. ఆ చేతిరాతలు మూడు రకాలు. అందులో ఒకటి, రోజూ హాజరు పట్టీ కింద వెంకట్రాజం రాసే వంకర అక్షరాలు. నూట పన్నెండో పేజీలో, ఒక బొమ్మ కింద, 'కాజీపేట సుగుణ' అని ఉంది.

ఆమెకు ఏడుపు రాలేదు. చచ్చిన ఎలుకను తోకతో పట్టుకున్నప్పుడు కలిగే కంపరం మాత్రం మోచేతుల దాకా పాకింది. ఇన్నాళ్ళూ ఆ గది పక్కనే కూర్చుని తను కార్డులు రాసింది. ఇన్నాళ్ళూ వాళ్ళు పొద్దున్నే నమస్తే పెట్టారు.

పుస్తకం మూయలేదు. అదే పేజీ తెరిచి ఇన్‌స్పెక్టరు ముందు పెట్టింది.

ఆయన చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆయన అన్న మాట సుగుణకు ఆ రాతల కంటే రోతగా తోచింది.

"పుస్తకం పాడైపోయిందమ్మా. రద్దు జాబితాలో రాసెయ్. కాల్చేద్దాం. నీ పేరు కూడా ఉంది, నీకే మంచిది."

"అవునవును," అన్నాడు వెంకట్రాజం వెంటనే. "ఆడపిల్ల ఇజ్జత్ సవాల్."

"ఇజ్జత్ పోయింది నాది కాదు," అంది సుగుణ. "రాసింది నేను కాదు. హాజరు పట్టీ పక్కన పెట్టి చూడండి సార్, ఎవరి రాతో మీకే తెలుస్తది. రద్దు చెయ్యను. దీనికి విషయం నంబరు వేస్త, ఆరోగ్యం అరల పెడ్త. ఎవరు పాడుచేసిండ్రో కూడా జాబితాల రాస్త."

కండువాల్లో ఒకాయన లేచి, "గింత తలతిక్కనా? తొలగిస్తం," అన్నాడు.

"తొలగించండి. ఎందుకు తొలగించిండ్రో ఆఫీసుకు నేను రాస్త."

యాకయ్య అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎవరూ అడగకుండానే నోరు తెరిచాడు. "ఐతారం ఐతారం చాయ్ తెచ్చింది నేను. ఎవ్వలెవ్వలు కూసునేటిదో నేను చెప్త సార్. నాకు సదువు రాదు, మొఖాలు యాదికుంటయి."

కండువా ఆయన కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు జాబితాలో అరవై మూడు పుస్తకాలూ చేర్పించాడు. బూతు పుస్తకాలను మాత్రం విడిగా కట్టించి ఆఫీసుకు తీసుకుపోయాడు. వ్యాఖ్య దగ్గర 'కొన్ని పుస్తకాలు అజాగ్రత్త వల్ల శిథిలం' అని రాశాడు. అజాగ్రత్త! సుగుణ ఆ మాట చూసి, కింద తన సంతకం పక్కన 'ఉద్దేశపూర్వకంగా' అని చేర్చింది. ఆయన చూసీ చూడనట్టు ఫైలు మూశాడు.

ఆ సాయంత్రం పూలమ్మ వచ్చింది. సుగుణ పుస్తకం ముందు తను చూసుకుంది. గర్భసంచి జారడం గురించిన అధ్యాయం లేదు. బొమ్మలున్న ఆ ఎనిమిది పేజీలనూ బ్లేడుతో కోసి ఎవరో పట్టుకుపోయారు.

"లేదా సారమ్మా?" అంది పూలమ్మ ఆమె మొహం చూసి.

"ఇందుల లేదు. కోసుకపోయిండ్రు."

"ఎవ్వలు? మొగోళ్ళా?"

సుగుణ తలూపింది. పూలమ్మ కాసేపు ఆ కోసిన అంచులను వేలితో తడిమి చూసింది. "థూ," అంది. "వాళ్ళకు దీనితోటి ఏం పని? నాకు గద రోగం."

మంత్రసానుల పాఠాల పుస్తకం మాత్రం చెక్కుచెదరలేదు. అందులో బొమ్మలు తక్కువ, చదివేది ఎక్కువ. అందుకే ఎవరూ ముట్టలేదు. వెతికితే రెండు పేజీలు దొరికాయి. పూలమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుని బయటికే చదివింది. జారడంలో మెట్లుంటాయి. మొదట్లోనే అయితే కండరాలు బిగించే కసరత్తులు, లోపల పెట్టే రింగు. బరువు మోయకూడదు. సంచి తీసెయ్యడం చివరి మాట.

"మరి వాడు చెయ్యి పెట్టకుండ ఎట్ల రాసిండు, చివరిది ముందు?" అంది పూలమ్మ. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

తర్వాతి సోమవారం సుగుణ సెలవు పెట్టి ఆమెను హనుమకొండలోని సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. పొద్దంతా లైనులో నిలబడ్డారు. లేడీ డాక్టరు పరీక్ష చేసి, రింగు పెట్టింది. ఆపరేషన్ ఇప్పుడు అక్కర్లేదంది. బస్తాలు మోయొద్దని కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితం చూపించినా బీటుబజారులో పని మార్చలేదు. అప్పుడు పూలమ్మ మందిరానికి వచ్చి కనీస వేతనాల పుస్తకం అడిగి తీసుకుంది. చట్టంతో ఎంత సాధించిందో గానీ, చెరిగే పనికి మాత్రం మారింది.

జనవరిలో కమిటీ సమావేశమైంది. వెంకట్రాజాన్ని కార్యదర్శి పదవి నుంచి తప్పించి 'గౌరవ సలహాదారు' చేశారు. కండువా ఆయన కార్యదర్శి అయ్యాడు. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. ఆ తీర్మానం నకలు సుగుణ చేతికిస్తూ కొత్త కార్యదర్శి, "ఐపోయింది గద, ఇగ మంచిగుండు," అన్నాడు.

ఆమె తెల్ల కాగితం ముక్కలు కోసి, మైదా జిగురుతో లేడీ డాక్టరు రాసిన పుస్తకంలోని రాతలన్నింటి మీదా అంటించింది. వారం పట్టింది. ప్రతి పేరు మీదా కాగితం పెట్టి బొటనవేలితో అదుముతుంటే, సిరా తన వేలికి ఎక్కుతున్నట్టే ఉండేది. కొన్ని చోట్ల బొమ్మ కూడా పోయింది. అయినా చదవడానికి పనికొచ్చేంత మిగిలింది. దానికి విషయం నంబరు వేసి ఆరోగ్యం అరలో పెట్టింది. 'గర్భసంచి జారితే' అని ఒక కార్డు రాసి, దాని మీద మంత్రసానుల పుస్తకం ఉన్న అర నంబరు వేసింది. వేసవి లోపల ఆ రెండు పుస్తకాలనూ ఇరవై ఒక్క మంది ఆడవాళ్ళు చదివారు. పూలమ్మ ఒక్కతే నలుగురిని వెంటబెట్టుకొచ్చింది.

వెంకట్రాజం రావడం మానలేదు. రోజూ పదింటికి వచ్చి, ముందు గదిలో ఫ్యాను కింద కుర్చీలో పేపరు చదివేవాడు. సుగుణ కనిపిస్తే ఏమీ జరగనట్టు, "బాగున్నవా పిల్లా?" అని పలకరించేవాడు. ఆమె ఒక్కనాడూ జవాబు చెప్పలేదు. ఆయన లేచి పోయాక యాకయ్య ఆ కుర్చీని బయటికి ఈడ్చి నీళ్ళు కొట్టి కడిగేవాడు. కడగమని ఆమె చెప్పలేదు.

"ఆ ముసలోడు తిరిగే చోటికి ఇంకెందుకు పోతాన్నవు?" అని కళావతి ఇంట్లో సాధించేది. "స్టేషన్ల క్లర్క్ పరీక్ష రాయరాదు?"

"నేనెందుకు పోవాలె అమ్మా? వాడు పోవాలె," అనేది సుగుణ. ఆ రోజుల్లో ఆమెకు అన్నం సయించేది కాదు. జర్దా వాసన తగిలితే బస్సులో సీటు మారి కూర్చునేది. ఆ అలవాటు పెళ్ళయ్యాక కూడా పోలేదు. భర్తకు పాన్ అలవాటుంటే, కారణం చెప్పకుండానే మాన్పించింది.

ఆమె ఆ మందిరంలో ఇంకో ఆరేళ్ళు పనిచేసింది.